ఎల్డర్ అబ్యూజ్ రిస్ట్రెయినింగ్ ఆర్డర్ వచ్చాక ఇంట్లో గన్ ఎలా అప్పజెప్పాలి: కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి స్టెప్ బై స్టెప్

"కొడుకు నుంచి రక్షణగా అమ్మకి కోర్టు ఆర్డర్ ఇచ్చింది సరే, మరి వాడి దగ్గరున్న గన్ సంగతేంటి" అని ఒకరు, "నామీద ఆర్డర్ వచ్చింది, గన్ తీసుకెళ్ళి ఫ్రెండ్ ఇంట్లో పెట్టేస్తే చాలు కదా" అని ఇంకొకరు. రెండు వైపుల వాళ్ళూ ఇదే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నా. ఫ్రెండ్ ఇంట్లో పెడితే చాలదు, ఎందుకో కింద చెప్తా.

ఇది కాలిఫోర్నియాకి మాత్రమే. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి ఈ ఫారాలు, ఈ గడువులు పనికిరావు, మీ స్టేట్ రూల్స్ వేరు. నేను లాయర్‌ని కాదు, కేసు గట్టిగా ఉంటే లాయర్‌తోనే మాట్లాడండి.

ఒకటి ముందే మనసులో పెట్టుకోండి. ఆర్డర్ మీద జడ్జి సంతకం పడినంత మాత్రాన క్లోజెట్‌లో ఉన్న గన్ దానంతటది నడిచి బయటికి రాదు. పేపర్లో గన్ గురించి రాసినవాళ్ళు, ఆర్డర్‌ని ఎదుటి మనిషి చేతికి అందించినవాళ్ళు (దీన్నే సర్వ్ చేయడం అంటారు), రసీదు ఫైల్ అయిందా లేదా అని అడిగినవాళ్ళు ఉంటేనే అది ఇంట్లోంచి పోతుంది.

1. ముందు ఈ ఆర్డర్‌లో గన్ బ్యాన్ ఉందా లేదా చూడండి

65 ఏళ్ళు నిండిన పెద్దవాళ్ళకి, అలాగే 18 నుంచి 64 మధ్య ఉండి శరీరం గానీ మనసు గానీ సహకరించక తమ పనులు తాము చూసుకోలేని వాళ్ళకి కాలిఫోర్నియాలో ప్రత్యేకమైన రిస్ట్రెయినింగ్ ఆర్డర్, అంటే బాధపెట్టే మనిషిని ఆపే కోర్టు ఆర్డర్, ఉంది. దీని ఫారాలన్నీ ఈఏ అక్షరాలతో మొదలవుతాయి. కొడుకు మీద, కోడలి మీద, అల్లుడి మీదే కాదు, కేర్‌గివర్ మీద, పక్కింటివాడి మీద కూడా అడగొచ్చు.

ఫారాలు ఇవి, పేర్లు కాదు, నంబర్లు గుర్తుంచుకుంటే చాలు:

- ఈఏ-100: ఆర్డర్ కావాలని పెట్టే అప్లికేషన్
- ఈఏ-109: హియరింగ్ నోటీస్
- ఈఏ-110: తాత్కాలిక ఆర్డర్, దీన్నే టీఆర్ఓ అంటారు
- ఈఏ-120: ఎదుటివాళ్ళు ఇచ్చే జవాబు
- ఈఏ-130: హియరింగ్ తర్వాత వచ్చే ఆర్డర్, గరిష్ఠంగా 5 ఏళ్ళు
- ఈఏ-800: గన్ అప్పజెప్పిన రసీదు

మామూలుగా ఈఏ-110 వచ్చిందంటే గన్ బ్యాన్ దాంతోపాటే వస్తుంది, విడిగా అడగక్కర్లేదు, జడ్జి దయతలచక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కేసు మొత్తం డబ్బు కాజేయడం గురించో, ఎవరినీ కలవనివ్వకుండా ఒంటరిని చేయడం గురించో మాత్రమే అయి, అందులో కొట్టడం, బెదిరించడం, వేధించడం లాంటివి ఏవీ లేకపోతే గన్ బ్యాన్ వర్తించదు. ఫారంలో దీనికి ఒక గడి ఉంటుంది, కేసు కేవలం ఫైనాన్షియల్ అబ్యూజేనా కాదా అని.

మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందంటే, "నా సేవింగ్స్ అకౌంట్‌లోంచి డబ్బులు తీసుకున్నాడు" అని అమ్మ రాస్తుంది, చెక్ మీద సంతకం పెట్టమన్నప్పుడు గన్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడన్న మాట మాత్రం పరువు పోతుందని రాయదు. రాయకపోతే జడ్జికి కలలో తెలియదు కదా. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల డబ్బు కేసుగా మిగిలిపోయి గన్ వాడి దగ్గరే ఉండిపోవచ్చు.

బాధపెట్టేది కొడుకో కూతురో అయితే డొమెస్టిక్ వయొలెన్స్ ఆర్డర్ కూడా అడగొచ్చు, అవి డీవీ ఫారాలు. ఏది మంచిదో కౌంటీ కోర్టులోని సెల్ఫ్-హెల్ప్ సెంటర్ వాళ్ళని అడగండి, ఫ్రీ.

2. అమ్మానాన్నల వైపు: అప్లికేషన్‌లో గన్ గురించి ఎలా రాయాలి

ఈఏ-100కి ఫైలింగ్ ఫీజు లేదు. వీసా ఏంటి, స్టేటస్ ఏంటి అని అందులో అడగరు. పెద్దవాళ్ళు స్వయంగా పెట్టలేకపోతే కన్సర్వేటర్ (కోర్టు నియమించిన సంరక్షకుడు), పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్ళు లాంటివాళ్ళు వాళ్ళ తరఫున పెట్టొచ్చు.

"వాడి దగ్గర గన్ ఉంది" అని ఒక్క ముక్కలో వదిలేయకండి. ఈఏ-100లో గన్స్ గురించి అడిగే చోట ఎంత తెలిస్తే అంత రాయండి, చోటు చాలకపోతే విడి కాగితం జతచేయండి.

ఉదాహరణకి ఇలా: "నల్ల రంగు పిస్టల్ ఒకటి, నల్ల ప్లాస్టిక్ కేసులో, మాస్టర్ బెడ్‌రూమ్ క్లోజెట్ పై అరలో, సూట్‌కేసుల వెనక. పొడవాటి రైఫిల్ ఒకటి, గరాజ్‌లో వాటర్ హీటర్ పక్కన పొడుగు బ్యాగ్‌లో. బుల్లెట్ల డబ్బాలు అదే గరాజ్‌లో టూల్ డ్రాయర్‌లో. చివరిసారి చూసింది దసరా టైంలో." కంపెనీ, మోడల్ తెలియక్కర్లేదు. అమ్మకి ఏది రైఫిలో ఏది షాట్‌గనో తెలియాలని ఎవరూ అనుకోరు.

"అన్నీ స్టేట్ దగ్గర రిజిస్టర్ అయి ఉంటాయి కదా, కంప్యూటర్‌లో చూసుకుంటారులే" అనుకోవద్దు. పిస్టళ్ళ రికార్డు పాతకాలం నుంచే ఉంది గానీ రైఫిళ్ళు, షాట్‌గన్‌ల అమ్మకాల రికార్డు ఉంచడం మొదలైంది 2014 జనవరి నుంచే. అంతకుముందు కొన్నది, వేరే స్టేట్ నుంచి తెచ్చుకున్నది, ఇంట్లో కిట్‌తో చేసుకున్నది ఆ లిస్టులో కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు పోలీసులకి ఉన్న ఆధారం మీరు రాసిందే.

అప్లికేషన్ పెట్టే ముందు చెక్‌లిస్ట్:

- ఎన్ని గన్స్, ఎలా ఉంటాయి, ఎక్కడ పెడతాడు
- సేఫ్ ఉందా, కోడ్ గానీ తాళం గానీ ఎవరి దగ్గర ఉంది
- కార్లో, ఆఫీస్‌లో, స్టోరేజ్ యూనిట్‌లో ఇంకేమైనా ఉన్నాయా
- బెదిరింపు మాటలు, వీలైనంతవరకు అన్నవి అన్నట్టుగా, తెలుగులో అంటే తెలుగులోనే రాసి కింద ఇంగ్లిష్ అర్థం
- ఫోటోలు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉంటే వేరే ఫోన్‌లోకి కాపీ
- పోలీసుల కోసం విడిగా ఇచ్చే కాన్ఫిడెన్షియల్ ఫారం క్లెట్స్-001, ఇందులోనూ గన్స్ గురించి నింపాలి

ఆ లిస్ట్ కోసమని వాడు లేనప్పుడు సేఫ్ తెరిచి సీరియల్ నంబర్ ఫోటో తీసే సాహసం చెయ్యకండి. గన్ పట్టుకోవడం తెలియనివాళ్ళు ముట్టుకోకూడదు. "నేనే తీసుకెళ్ళి స్టేషన్‌లో ఇచ్చేస్తా" అని 70 ఏళ్ళావిడ గన్‌ని కూరగాయల సంచిలో వేసుకుని బయల్దేరడం లాంటివి అస్సలొద్దు. అంత భయంగా ఉంటే 911కి చెయ్యండి. ఎమర్జెన్సీ కాకపోతే పెద్దవాళ్ళని బాధపెట్టే కేసులు చూసే ప్రభుత్వ విభాగం, అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్, స్టేట్ నంబర్ 1-833-401-0832, జిప్ కోడ్ కొడితే మీ కౌంటీకి కలుపుతుంది.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అప్లికేషన్ పెట్టిన రోజే అడగండి. కోర్టే ఫ్రీగా ఇస్తుంది, ఫారం ఐఎన్‌టీ-300. స్పానిష్‌కి దొరికినంత తేలిగ్గా తెలుగుకి మనిషి దొరకరు, హియరింగ్ రోజు పొద్దున అడిగితే వాయిదా పడుతుంది. మనవడినో కోడలినో ఇంటర్‌ప్రెటర్‌గా పెట్టుకోకపోవడమే మంచిది, వాళ్ళ ముందు అమ్మ సగం మింగేస్తుంది.

అమ్మ "వాడిని ఇంట్లోంచి పంపించొద్దు, మాట్లాడొద్దని కూడా అనొద్దు, ఆ గన్ ఒక్కటి తీసేయండి చాలు" అంటే? చాలామంది అమ్మలు ఇదే అంటారు. ఈఏ-100లో దూరంగా ఉండాలి, ఇల్లు ఖాళీ చేయాలి అనేవి విడివిడిగా అడిగేవి, అడగకుండా వదిలేయొచ్చు. లేదంటే గన్ వయొలెన్స్ రిస్ట్రెయినింగ్ ఆర్డర్ అని వేరే దారి ఉంది, ఫారం జీవీ-100, అది అచ్చంగా గన్స్ కోసమే, ఇంట్లోవాళ్ళు అడగొచ్చు. నా అభిప్రాయం అడిగితే, మాట్లాడకుండా ఉండలేని ఇళ్ళల్లో ఈ రెండోది తక్కువమందికి తెలిసిన మంచి దారి.

3. సర్వీస్: గడియారం ఎప్పుడు మొదలవుతుంది

టీఆర్ఓ అడిగితే అదే రోజో తర్వాతి కోర్టు రోజో జడ్జి తేలుస్తారు. హియరింగ్ 21 రోజుల్లో, బలమైన కారణం ఉంటే 25 రోజుల్లో ఉంటుంది.

కానీ గన్ గడువు జడ్జి సంతకంతో మొదలవ్వదు, ఆర్డర్ ఎదుటి మనిషి చేతికి అందినప్పుడు మొదలవుతుంది. అందుకని సర్వీస్ ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఆర్డర్‌లో రక్షణ పొందుతున్నవాళ్ళు సర్వ్ చేయకూడదు, 18 దాటిన బయటివాళ్ళు ఎవరైనా చేయొచ్చు, కానీ గన్ ఉన్న ఇంటికి మీ బాబాయిని పంపకండి. షెరిఫ్ ఫ్రీగా చేస్తాడు, షెరిఫ్‌తోనే చేయించండి. సర్వ్ చేసే ఆఫీసర్ అక్కడికక్కడే "గన్స్ ఇవ్వు" అని అడగొచ్చు, అడిగితే ఆ క్షణమే ఇవ్వాలి, అప్పజెప్పడానికి 24 గంటలు ఉన్నాయి కదా అని వాదించడానికి లేదు.

సర్వీస్ అయ్యాక ప్రూఫ్, అంటే ఈఏ-200, కోర్టులో ఫైల్ అయిందో లేదో చూసుకోండి. సర్వ్ చేసిన తేదీ, టైం ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, గన్ ఇవ్వడానికి 24 గంటలు, రసీదు ఫైల్ చేయడానికి 48 గంటలు, ఆ లెక్క దాన్నుంచే.

4. ఆర్డర్ అందుకున్నవాళ్ళు: మొదట ఏం చెయ్యాలి

ఇక్కడి నుంచి ఆర్డర్ ఎవరి మీద వచ్చిందో వాళ్ళ కోసం. కోపం ఉంటుంది, "మా అమ్మ అలా అనదు, చెల్లి చెప్పించింది" అని ఉంటుంది. అవన్నీ హియరింగ్‌లో చెప్పుకోవచ్చు. గన్ మాత్రం హియరింగ్ దాకా ఆగదు.

- ఆఫీసర్ అడిగితే వెంటనే
- ఎవరూ అడగకపోతే అందుకున్నప్పటి నుంచి 24 గంటల్లో అప్పజెప్పాలి
- 48 గంటల్లో రసీదు కోర్టులో ఫైల్ చెయ్యాలి

రెండూ ఆర్డర్ అందుకున్నప్పటి నుంచే. గన్ ఇచ్చాక ఇంకో 48 గంటలు అనుకుంటారు చాలామంది, కాదు.

ఆర్డర్ నిలబడుతుందా లేదా అన్నది వేరే సంగతి, ఇప్పుడు గన్ ఇచ్చినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఇవ్వకుండా దగ్గర ఉంచుకుంటే అది విడిగా ఇంకో నేరం: ఏడాది దాకా జైలు, 1,000 డాలర్ల దాకా ఫైన్ పడొచ్చు. ఆర్డర్ ఉండగా కొత్తది కొనబోతే ఇంకా పెద్దది అవుతుంది.

5. ఏమేం ఇవ్వాలి

"గన్" అంటే పిస్టల్ ఒక్కటే అనుకుని రైఫిల్, బుల్లెట్లు ఇంట్లోనే వదిలేసేవాళ్ళు ఉంటారు. ఇల్లంతా ఒకసారి తిరగండి.

- పిస్టల్, రివాల్వర్, రైఫిల్, షాట్‌గన్, పనిచేసినా చేయకపోయినా
- ఫ్రేమ్‌లు, రిసీవర్లు (గన్ అసలు బాడీ భాగాలు), సగం చేసిన కిట్‌లు, అదే సీరియల్ నంబర్ లేని ఘోస్ట్ గన్ అంటారే అవి
- బుల్లెట్లు, షెల్స్, క్లిప్‌లు, మ్యాగజీన్లు (గన్‌లో పెట్టే బుల్లెట్ల డబ్బీలు)
- కారు, ఆఫీస్, జిమ్ లాకర్, స్టోరేజ్ యూనిట్, స్నేహితుడి ఇంట్లో పెట్టినవి
- ఆర్డర్‌లో బాడీ ఆర్మర్ (బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ లాంటిది) ప్రస్తావన ఉంటే అదీ

మ్యాగజీన్లే ఎక్కువగా మిగిలిపోతాయి. గన్ కేసులో ఒకటి ఉంటుంది, రేంజ్ బ్యాగ్ సైడ్ జేబులో ఇంకోటి, కారు గ్లవ్ బాక్స్‌లో మాన్యువల్ కింద సగం నిండిన బుల్లెట్ల డబ్బా. ఆ డబ్బా ట్రాఫిక్ స్టాప్‌లో బయటపడితే "మర్చిపోయాను" అన్న మాట పెద్దగా పనికిరాదు.

ఇంట్లో భార్య పేరు మీదో తమ్ముడి పేరు మీదో గన్ ఉంటే? అది వాళ్ళదే, కానీ మీ చేతికి అందకూడదు. గన్ పెట్టుకోకూడని మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు తమ గన్‌ని తాళంలో ఉంచాలని కాలిఫోర్నియాలో విడిగా చట్టమే ఉంది. సేఫ్ కోడ్ మీకు తెలుసంటే కోడ్ మార్చాలి. ఇంకా మంచిది, ఆర్డర్ ఉన్నన్నాళ్ళూ అది కూడా ఆ ఇంట్లో లేకుండా చూసుకోవడం.

6. మూడు దారులే ఉన్నాయి

ఒకటి, లోకల్ పోలీసులకో షెరిఫ్‌కో అప్పజెప్పడం. రెండు, లైసెన్స్ ఉన్న గన్ డీలర్‌కి అమ్మడం. మూడు, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర దాచుకోవడానికి ఇవ్వడం. నాలుగోది లేదు. ఫ్రెండ్‌కి ఇవ్వడం, బామ్మర్ది గరాజ్‌లో పెట్టడం, బ్యాంక్ లాకర్, ఆన్‌లైన్‌లో అమ్మేయడం, ఇవేవీ లెక్కలోకి రావు.

పోలీసులకి ఇవ్వడం తొందరగా అయ్యే పని, రాత్రిపూట కూడా ఫోన్ చేసి అడగొచ్చు. వాళ్ళు స్టోరేజ్ ఫీజు వేయొచ్చు. తర్వాత మనసు మారితే పోలీసుల దగ్గరున్న గన్స్ అన్నీ కలిపి ఒకేసారి డీలర్‌కి అమ్మే అవకాశం ఉంటుంది, ఒకటి ఇప్పుడు ఒకటి తర్వాత అని కాదు, ఒక్కసారే. డీలర్ బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం కాగితం) చూపిస్తే 5 రోజుల్లో ఆ గన్స్ డీలర్‌కి ఇస్తారు.

డీలర్ దగ్గర స్టోరేజ్ అంటే నెల నెలా ఖర్చు. హియరింగ్‌లో ఆర్డర్ 3 ఏళ్ళో 5 ఏళ్ళో పడితే ఆ గన్ ఖరీదు కంటే అద్దె ఎక్కువైపోతుంది, ముందే రేటు అడగండి. అందరు డీలర్లూ స్టోరేజ్ చేయరు కూడా. ముందు ఫోన్ చేసి "రిస్ట్రెయినింగ్ ఆర్డర్ కింద అప్పజెప్తున్నా, ఈఏ-800 నింపి సంతకం పెడతారా" అని అడగండి. పెట్టను అంటే ఇంకో షాప్ చూసుకోండి.

నాకైతే అమ్మేయడమే సుఖం అనిపిస్తుంది. కానీ తాతల నాటిదో, ఖరీదైనదో అయితే పోలీసుల దగ్గర పెట్టి హియరింగ్ అయ్యాక ఆలోచించుకోవచ్చు.

7. తీసుకెళ్ళేటప్పుడు

ముందు ఫోన్, తర్వాతే బయల్దేరడం. గన్ చేత్తో పట్టుకుని స్టేషన్ లాబీలోకి నడిచివెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కి చేసి విషయం చెప్పండి. కొన్ని చోట్ల వాళ్ళే ఇంటికొచ్చి తీసుకెళ్తారు, కొన్ని చోట్ల పార్కింగ్‌లోనే ఆగమని ఆఫీసర్‌ని పంపిస్తారు, కొన్ని చోట్ల అపాయింట్‌మెంట్. అపాయింట్‌మెంట్ 24 గంటలు దాటి ఇస్తే ఒప్పుకోకండి, గడువు చెప్పి ఇంకో ఏజెన్సీనో డీలర్‌నో చూసుకోండి, ఎవరితో ఎన్నింటికి మాట్లాడారో రాసిపెట్టుకోండి.

- మ్యాగజీన్ బయటికి, ఛాంబర్ ఖాళీ, ఒకసారి కాదు రెండుసార్లు చూడండి
- తాళం వేసిన కేసులో, కేసు ట్రంక్‌లో, గ్లవ్ బాక్స్‌లో వద్దు
- బుల్లెట్లు వేరే పెట్టెలో
- ఆర్డర్ కాపీ, ఐడీ, ఖాళీ ఈఏ-800 ఫారం ముందు సీట్లో, గన్స్ ట్రంక్‌లో
- ఇంటి నుంచి నేరుగా అక్కడికే, మధ్యలో గ్రోసరీ స్టోర్ ఆగడాలు వద్దు
- అక్కడికెళ్ళాక కారు దిగేముందు మళ్ళీ ఫోన్, ట్రంక్ వాళ్ళు తెరవమన్నప్పుడే

కోర్టుకి మాత్రం గన్ తీసుకెళ్ళొద్దు. "జడ్జిగారికే ఇచ్చేస్తా" అనేవాళ్ళూ ఉంటారు మరి.

8. ఈఏ-800 నింపడం

అప్పజెప్పినంత మాత్రాన పని అయిపోలేదు, కోర్టు కంటికి రుజువు ఈ కాగితమే. పై భాగం మీరు నింపాలి: పేర్లు, కేస్ నంబర్, ఈఏ-110లో ఎలా ఉంటే అలాగే. మధ్య భాగం గన్ తీసుకున్న ఆఫీసరో డీలరో నింపాలి, ఒక్కో గన్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, వాళ్ళ సంతకం. అక్కడ నిలబడే సీరియల్ నంబర్ ఒక్కో అంకె సరిచూసుకోండి, సున్నాని ఓ అని, ఎనిమిదిని బీ అని రాయడం మామూలే, తర్వాత గన్ వెనక్కి కావాలన్నప్పుడు దీనికే తలనొప్పి.

కింద ఒక ప్రశ్న ఉంటుంది: ఇవి కాకుండా ఇంకేమైనా ఉన్నాయా అని. చదవకుండా టిక్ పెట్టొద్దు, సంతకం పెడుతున్నది అబద్ధమైతే శిక్ష ఉంటుందన్న వాక్యం కింద. రెండు చోట్ల ఇస్తే రెండు ఈఏ-800లు.

రెండు మూడు కాపీలు తీసి, ఒరిజినల్ కోర్టు క్లర్క్‌కి ఇచ్చి, మీ కాపీ మీద తేదీ స్టాంప్ వేయించుకోండి. శుక్రవారం సాయంత్రం సర్వ్ అయితే కౌంటర్ మూసి ఉంటుంది, మీ కోర్టుకి ఈ-ఫైలింగ్ గానీ డ్రాప్ బాక్స్ గానీ ఉందేమో చూడండి, లేకపోతే సోమవారం తలుపు తీసేసరికి అక్కడ ఉండండి. గన్ అప్పజెప్పడం మాత్రం వీకెండ్ అని ఆగదు, పోలీసులకి సెలవు ఉండదు.

అసలు గన్సే లేకపోతే? ఈఏ-120లో ఆ మాట టిక్ పెట్టి రాయండి. అమ్మేసి ఉంటే అమ్మిన కాగితం జతచేయండి.

9. చిక్కు కేసులు

ఉద్యోగానికి గన్ తప్పనిసరైతే, ఉదాహరణకి ఆర్మ్‌డ్ సెక్యూరిటీ, ఈఏ-120లో మినహాయింపు అడగొచ్చు. ఆ ఒక్క గన్ ఉద్యోగానికి తప్పదని, కంపెనీ వేరే పని ఇవ్వలేదని చూపించాలి. ఇచ్చినా డ్యూటీ టైంలో, వెళ్ళొచ్చే దారిలో మాత్రమే. జడ్జి ఇచ్చేదాకా మినహాయింపు లేనట్టే.

ఇంట్లో ఉన్నదే చట్టవిరుద్ధమైనదైతే, సీరియల్ నంబర్ లేనిదైతే, ఇస్తే ఒక కేసు, ఇవ్వకపోతే ఒక కేసు అని భయం ఉంటుంది. దీనికోసమే చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం ఇవ్వకూడదన్న హక్కు చెప్పుకుంటే, అప్పజెప్పిన చర్యని కేసులో వాడకుండా జడ్జి ఇమ్యూనిటీ ఇవ్వొచ్చు. ఇది లాయర్ లేకుండా చేసే పని కాదు, ఆ 24 గంటల్లోనే లాయర్‌కి ఫోన్ చెయ్యండి.

వీసా సంగతి మనవాళ్ళకి ముఖ్యం. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టంలో గన్ ఉండటమే నిషేధం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు, కానీ గన్ నేరంలో కన్విక్షన్ పడితే, అంటే దోషి అని తేలితే, గ్రీన్ కార్డ్ ఉన్నా డిపోర్టేషన్ దాకా పోవచ్చు. "ఏముందిలే, చిన్న మిస్‌డిమీనరే" అని క్రిమినల్ లాయర్ అన్నా ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగందే దేనికీ ఒప్పుకోకండి.

10. ఎక్కువగా చేసే తప్పులు, వాటికి మందు

గన్ ఆల్రెడీ ఫ్రెండ్‌కి ఇచ్చేశారా: ఆ ఫ్రెండ్ దగ్గరకెళ్ళి మళ్ళీ మీరు చేతుల్లోకి తీసుకోకండి. లాయర్‌నో పోలీసులనో అడిగి ఫ్రెండ్ దగ్గర్నుంచే నేరుగా అప్పజెప్పే ఏర్పాటు చేసుకోండి.

గడువు దాటిపోయిందా: దాటింది కదా అని వదిలేయకండి. ఈరోజే ఇచ్చి ఈరోజే ఫైల్ చెయ్యండి, ఆలస్యం ఎందుకైందో హియరింగ్‌లో చెప్పుకోండి. ఒక రోజు లేటైన రసీదు అసలు లేని రసీదు కంటే ఎంతో నయం.

హియరింగ్ వాయిదా పడిందా: టీఆర్ఓ కూడా దాంతోపాటే పొడిగిస్తారు, గన్ బ్యాన్ కూడా. "21 రోజులు అయిపోయాయి, ఇక నా గన్ నాకివ్వండి" అని వెళ్ళొద్దు.

అమ్మ ఫోన్ చేసి "పోనీలే, వచ్చెయ్, గన్ కూడా తెచ్చుకో" అందా: ఆర్డర్ కోర్టుది, అమ్మ రద్దు చేయలేదు. జడ్జి మార్చేదాకా ఉన్నది ఉన్నట్టే.

11. వాడు ఇవ్వకపోతే అమ్మవైపు వాళ్ళు ఏం చెయ్యాలి

సర్వ్ అయిన 48 గంటల తర్వాత కోర్టు క్లర్క్‌కి ఫోన్ చేసి కేస్ నంబర్ చెప్పి "ఈఏ-800 ఫైల్ అయిందా" అని అడగండి. అయితే కాపీ తీసుకుని మీరు రాసిన లిస్ట్‌తో పోల్చండి. మీరు రెండు రాశారు, రసీదులో ఒకటే ఉంది, అంటే రెండోది ఎక్కడో ఉంది.

ఫైల్ అవ్వకపోయినా, తక్కువున్నా నాన్-ఎమర్జెన్సీకి చేసి ఆర్డర్ ఉల్లంఘన అని రిపోర్ట్ ఇవ్వండి, రిపోర్ట్ నంబర్ తీసుకోండి. వాడి చేతిలో గన్ చూస్తే, బెదిరిస్తే నాన్-ఎమర్జెన్సీ కాదు, 911. మీరు వాడికి ఫోన్ చేసి "ఇచ్చావా లేదా" అని నిలదీయొద్దు.

హియరింగ్‌కి ఇవి పట్టుకెళ్ళండి:

- ఈఏ-200, సర్వ్ చేసిన తేదీతో
- ఈఏ-800 కాపీ, లేదా క్లర్క్ లేదన్న తేదీ
- మీ గన్స్ లిస్ట్, పోలీస్ రిపోర్ట్ నంబర్
- ఫోటోలు, మెసేజ్‌లు, ప్రింట్ తీసినవి మూడు సెట్లు

జడ్జి అడగకపోయినా "గన్ ఇంకా అప్పజెప్పలేదండీ" అని మీరే చెప్పండి. ఈఏ-130 ఎన్నేళ్ళకి ఇస్తున్నారో తేదీ రాయించుకోండి, తేదీ లేకపోతే 3 ఏళ్ళుగా లెక్క. అయిపోవడానికి ముందు మూడు నెలల్లో రెన్యూవల్ అడగొచ్చు, ఫారం ఈఏ-700, రెన్యూ అయితే గన్ బ్యాన్ కూడా కొనసాగుతుంది.

12. ఆర్డర్ అయిపోయాక గన్ వెనక్కి

పోలీసుల దగ్గర ఉంటే నేరుగా వెళ్ళి అడిగితే ఇవ్వరు. కాలిఫోర్నియా డిపార్ట్‌మెంట్ ఆఫ్ జస్టిస్‌కి లా ఎన్‌ఫోర్స్‌మెంట్ గన్ రిలీజ్ అప్లికేషన్ పెట్టాలి, ఫీజు ఉంటుంది. వాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ చూసి ఓకే అంటే లెటర్ వస్తుంది, అది 30 రోజులే చెల్లుతుంది, ఆలోపు వెళ్ళి తెచ్చుకోవాలి. డీలర్ కూడా చెక్ చేయకుండా ఇవ్వడు. పట్టించుకోకుండా వదిలేస్తే పోలీసులు దాన్ని ధ్వంసం చేసేయొచ్చు కూడా, అందుకని అడ్రస్ మారితే వాళ్ళకి చెప్పండి.

13. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల సంగతి

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న అమ్మానాన్నలని లైసెన్స్ గన్‌తో బెదిరిస్తున్నారంటే పైన చెప్పిన ఫారాలేవీ వర్తించవు. సీనియర్ సిటిజన్స్ 2007 చట్టం కింద ట్రిబ్యునల్ మెయింటెనెన్స్ (పోషణ ఖర్చు) చూస్తుంది, గన్ దారి వేరు. అక్కడ గన్ లైసెన్స్ మీద ఉంటుంది కాబట్టి లైసెన్స్ ఇచ్చినవాళ్ళకే అర్జీ పెట్టాలి, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 17 కింద ప్రజల భద్రత కోసం లైసెన్స్ సస్పెండ్ చేసే అధికారం, రద్దు చేసే అధికారం వాళ్ళకుంది. లైసెన్స్ పోతే సెక్షన్ 21 కింద గన్‌ని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. అమ్మ అయితే 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆర్డర్ కూడా అడగొచ్చు. బెదిరించిన రోజే 112కి, సలహా కోసం ఎల్డర్‌లైన్ 14567కి చెయ్యొచ్చు.

అర్జీలో బెదిరించిన తేదీలు, స్టేషన్‌లో ఇచ్చిన కంప్లైంట్ కాపీ, తెలిస్తే లైసెన్స్ నంబర్ పెట్టి, ఇచ్చినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ చేతిలో పడ్డాకే ఆఫీసులోంచి బయటికి రమ్మని నాన్నకి చెప్పండి.